నీళ్ళలో మునిగే కలపతో గిటార్ చేయాలనుకుంటే

బహ్రెయిన్‌లోని మహూజ్‌లో మీ ఫ్లాట్ బాల్కనీలో ఒక మడత బల్ల వేశారు. చిత్రిక, ఉలులు, నాలుగైదు క్లాంపులు సమకూర్చుకున్నారు. కిట్ తెప్పించి ఒక గిటార్ బిగించారు కూడా, అది బాగానే మోగింది. ఇప్పుడు మీ కన్ను పెద్ద పేర్ల మీద పడింది: ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్, స్నేక్‌వుడ్, కోకోబోలో, లిగ్నమ్ వైటీ. చేత్తో పట్టుకుంటే ఇనుములా బరువు, చిత్రిక పడితే గాజులా మెరుపు. ఇంత ఖరీదైన, ఇంత గట్టి కలపతో చేస్తే గిటార్ ఎంత గొప్పగా పలుకుతుందో అని మీకు అనిపిస్తోంది కదూ?

ఆ కోరిక మంచిదే, దాన్ని చంపుకోవద్దు. అయితే ఆ కలప గిటార్‌లో ఎక్కడ కూర్చోవాలో తెలియకపోతే డబ్బూ పోతుంది, వాద్యమూ మూగబోతుంది. గిటార్ పలికేది ప్రధానంగా పైపలక వల్ల. స్ప్రూస్, సెడార్ లాంటి తేలికైన కలపతో చేసిన ఆ పలచని పలకే తీగల కంపనాన్ని గాలికి అందిస్తుంది. స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ అనే మహా నిపుణుడు 1862లో వెనుక పలకనూ పక్కలనూ కాగితపు గుజ్జుతో చేసి ఒక గిటార్ తయారుచేశాడు. ధ్వనికి మూలం పైపలకేనని చూపించడానికే ఆ పని చేశాడు. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు వెనుక పలకలకూ పక్కలకూ మాత్రమే వేరువేరు కలప వాడి ఆరు గిటార్లు చేయించారు. కళ్ళకు అవి కనబడకుండా చేసి 52 మంది వాద్యకారుల చేత వాయింపించారు. ఖరీదైన కలపకు ఎక్కువ మార్కులేమీ పడలేదు.

మరి బరువైన కలప ఎందుకు? అరుగుదలను తట్టుకోవడానికి. వేళ్ళు రాసుకునే చోట, తీగలు నొక్కుకునే చోట, మరలు దిగే చోట మెత్తని కలప కొన్నేళ్ళలోనే గుంటలు పడుతుంది. అందానికి కూడా, ఆ కోరికలో తప్పేం లేదు. ఈ రెండు కారణాలూ మనసులో పెట్టుకుని ముందుకు వెళ్దాం.

1. పేరు చూసి కొనకండి, తూకం వేసి కొనండి

ఒక లీటరు పరిమాణం గల కలప ముక్క ఎంత బరువు ఉంటుంది? మహాగనీ 600 గ్రాముల లోపు. రోజ్‌వుడ్, అంటే మన అడవుల్లోని ఇరుగుడు, దాదాపు 830 గ్రాములు. గాబన్ ఎబొనీ 950 పైన. స్నేక్‌వుడ్ 1200. లిగ్నమ్ వైటీ, ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ 1250 దాటుతాయి. నీళ్ళు లీటరుకు 1000 గ్రాములు కాబట్టి చివరి మూడూ బకెట్లో వేస్తే అడుక్కు పోతాయి. మన ఎర్రచందనం చేవ కూడా మునిగే రకమే.

ఇవి సగటు లెక్కలు. ఒకే పేరున్న రెండు ముక్కల మధ్య కూడా బరువులో తేడా ఉంటుంది. అందుకే ఒక చిన్న వంటింటి త్రాసు, ఒక స్కేలు దగ్గర పెట్టుకోండి. పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో హెచ్చవేయండి. గ్రాముల బరువును ఆ అంకెతో భాగించండి. వచ్చిన జవాబును ముక్క మీదే పెన్సిల్‌తో రాయండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే అమ్మేవాళ్ళను కొలతలతో పాటు బరువు కూడా అడగండి. చెప్పడానికి వెనకాడేవాళ్ళ దగ్గర కొనకపోవడం మేలు.

2. చిన్న భాగంతో మొదలుపెట్టండి

మొదట ఫింగర్‌బోర్డు, ఆ తర్వాత తల మీది పలచని పొర, అంచుల పట్టీలు. చివరికి బ్రిడ్జి. ఇదే నేను చెప్పే వరస.

ఫింగర్‌బోర్డు 50 సెంటీమీటర్ల పొడవు, సగటున 5.5 సెంటీమీటర్ల వెడల్పు, 6.5 మిల్లీమీటర్ల మందం అనుకోండి. రోజ్‌వుడ్‌తో చేస్తే సుమారు 150 గ్రాములు, బ్లాక్‌వుడ్‌తో చేస్తే 225 దాటుతుంది. 75 గ్రాముల తేడాను మెడ భరిస్తుంది, చేతికి కొద్దిగా తెలుస్తుంది, అంతే. అదే బ్లాక్‌వుడ్‌ను వెనుక పలకకూ పక్కలకూ వాడితే? పెద్ద డ్రెడ్‌నాట్ గిటార్‌లో 300 గ్రాములకు పైగా అదనం. మొత్తం రెండు కిలోల చిల్లర తూగే వాద్యానికి అది చిన్న భారం కాదు. ఒళ్ళో పెట్టుకుని గంటసేపు వాయించేవాళ్ళను అడగండి, వాళ్ళ భుజమే చెబుతుంది.

బ్రిడ్జి దగ్గర మాత్రం మరీ జాగ్రత్త. అది పైపలక మధ్యలో కూర్చుంటుంది, అక్కడ పెరిగే ప్రతి గ్రాము పలకను అదిమిపెడుతుంది. ఉక్కు తీగల గిటార్ బ్రిడ్జి 25 నుంచి 35 గ్రాముల మధ్య ఉంటే మంచిది. నైలాన్ తీగల గిటార్‌కైతే ఇంకా తక్కువ. స్పానిష్ సంప్రదాయంలో ఫింగర్‌బోర్డు ఎబొనీతో చేసినా బ్రిడ్జిని రోజ్‌వుడ్‌తోనే చేస్తారు, ఎందుకనుకుంటున్నారు? మీరు లిగ్నమ్ వైటీతోనే బ్రిడ్జి చేయాలని పట్టుబడితే రెక్కలను ఇంకా పలచగా చెక్కండి, అడుగు వెడల్పు మాత్రం తగ్గించకండి. జిగురు పట్టు అక్కడే ఉంది, దాదాపు 75 కిలోల తీగల లాగుడును ఆపేది ఆ పట్టే.

మనవాళ్ళు ఈ విషయంలో ఎప్పటి నుంచో తెలివిగా ఉన్నారు. బొబ్బిలి వీణ పెద్ద ఒంటి దుంగ నుంచి చెక్కినా ఆ దుంగ పనసది, నీళ్ళలో తేలేది. ఇక్కడి గల్ఫ్ ఊద్ వాద్యాన్ని ఎప్పుడైనా చేతిలోకి తీసుకున్నారా? అంత పెద్ద కడుపు ఉన్నా పలచని పట్టీలతో కట్టడం వల్ల అది ఆశ్చర్యపోయేంత తేలిగ్గా ఉంటుంది. ఎబొనీ దాని మెడ మీద, బిరడాల దగ్గర కనిపిస్తుంది.

3. కలపకంటే ముందు గదిని సిద్ధం చేయండి

బహ్రెయిన్‌లో గిటార్ చేసేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అందుకే ఈ అంశాన్ని కాస్త నిదానంగా చూద్దాం.

జూన్‌లో వాయవ్యం నుంచి షమాల్ గాలి వీస్తే బయట పొడి, దుమ్ము. ఆగస్టు రాత్రులు బాల్కనీ తలుపు తీస్తే కళ్ళజోడు మసకబారేంత తేమ. లోపల ఏసీ మరో లోకం. ఒకే ముక్క ఉదయం గదిలో, సాయంత్రం బాల్కనీలో ఉంటే అది ఏ వాతావరణాన్ని నమ్మాలి? గాలిలో తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉంటే కలపలో దాదాపు 9 శాతం తేమ ఉంటుంది. గాలి 75 శాతానికి చేరితే కలపలో 14 శాతం దాకా ఎక్కుతుంది. ఆ తేడాకు కలప అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది.

బరువైన కలప కదలదని చాలామంది నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇక్కడే వదిలేయండి. పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండేదాకా అర్ధవ్యాసం దిశలో రోజ్‌వుడ్ సుమారు 2.7 శాతం కుంచించుకుంటుంది, గాబన్ ఎబొనీ 8 శాతం పైన. ఎబొనీకంటే బరువైన ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ మాత్రం 3 శాతం లోపే. అంటే బరువుకూ నిలకడకూ నేరుగా సంబంధం లేదు. లెక్క వేసి చూద్దాం. 14 శాతం తేమ ఉన్న ఎబొనీతో 56 మిల్లీమీటర్ల వెడల్పు ఫింగర్‌బోర్డు చేశారు. ఏసీ గదిలో అది 7 శాతానికి ఆరింది. వెడల్పులో ఒక మిల్లీమీటరుకు పైగా తగ్గుతుంది, రెండు అంచుల్లోనూ ఫ్రెట్ల కొసలు అర మిల్లీమీటరు చొప్పున బయటికి పొడుచుకొస్తాయి. చెయ్యి పైకీ కిందికీ జరిపినప్పుడల్లా గీరుకుంటుంది. అదే తప్పు రోజ్‌వుడ్‌తో చేస్తే మూడో వంతు నష్టంతో పోతుంది.

ఏం చేయాలి? ఒక హైగ్రోమీటర్ కొనండి. పనిచేసే గదిలో తేమ 45 నుంచి 55 మధ్య నిలుస్తోందో లేదో ఒక వారం గమనించండి. నిలవకపోతే తేమ లాగే చిన్న యంత్రం పెట్టండి. కొత్త ముక్క రాగానే కొసలకు మైనం పూయండి, ఎందుకంటే గట్టి కలప కొసల్లో ముందు ఆరి పగుళ్ళు వేస్తుంది. ప్రతి వారం తూచి తేదీతో సహా ముక్క మీద రాయండి. నెల రోజులు బరువు మారకపోతే అప్పుడు రంపం తీయండి. ముక్క మందంగా ఉంటే ఈ ఎదురుచూపు నెలల తరబడి సాగుతుంది. ఓపిక పట్టండి, ఈ ఓపికకు జీతం తప్పక దొరుకుతుంది.

ఒక సందర్భం ఊహించుకుందాం. జూలైలో పిల్లల బడి సెలవులు, కుటుంబమంతా విజయవాడకో కరీంనగర్‌కో బయల్దేరుతున్నారు. ఫ్లాట్‌కు తాళం, ఏసీ బంద్. బల్ల మీద వెనుక పలక అతికించని గిటార్ డొక్క, పక్కన చెక్కిన ఫింగర్‌బోర్డు. నెల తర్వాత తలుపు తీసేసరికి పలక వంగి, అతుకు ఒక మూల విడిపోయి ఉంటుంది. వేడి, తేమ కలిస్తే జిగురు కూడా మెత్తబడుతుంది మరి. ఊరికి వెళ్ళే ముందు డొక్కను మూసేయండి, లేదా అసలు మొదలుపెట్టకండి. విడి ముక్కలను గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, 49 శాతం అని రాసి ఉండే రెండు తేమ ప్యాకెట్లు వేసి, ఇంట్లో ఎండ తగలని గదిలో ఉంచండి. మీ మిత్రులెవరి ఇంట్లోనైనా ఏసీ నడుస్తుంటే ఆ డబ్బా అక్కడే పెట్టడం ఇంకా నయం.

4. సూట్‌కేసులో కలప తేవాలనే ఆలోచన వస్తే

సెలవులకు వెళ్ళినప్పుడు ఊళ్ళో ఎవరో “ఒక చిన్న ఎర్రచందనం ముక్క ఉంది, పట్టుకెళ్ళు” అంటారు. వద్దు. గట్టిగా వద్దు. శేషాచలం కొండల్లోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ తప్ప ఆ చెట్టు సహజంగా దాదాపు ఎక్కడా పెరగదు. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మెడను దీనితో కూడా చేసేవారు, ఆ గిరాకీ కూడా అడవిని తినేసింది. 1995 నుంచి అది అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం సైటీస్ రెండో జాబితాలో ఉంది. అనుమతి లేకుండా ఎగుమతి చేయడాన్ని మన దేశం నిషేధించింది. ఒక్క ఫింగర్‌బోర్డు ముక్క కోసం విమానాశ్రయంలో కేసు తగిలించుకోవడం ఎందుకు? పైగా ఆ అడవి మనది.

రోజ్‌వుడ్ జాతులన్నీ, అంటే కోకోబోలో, ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ కూడా, 2017 జనవరి 2 నాటికి సైటీస్ అదుపులోకి వచ్చాయి. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అయితే 1992 నుంచే అన్నిటికంటే కఠినమైన మొదటి జాబితాలో ఉంది, దాని జోలికే వెళ్ళకండి. 2019 నవంబరు 26 నుంచి మిగిలిన జాతులతో పూర్తిగా తయారైన వాద్యాలకు మినహాయింపు దొరికింది గానీ ముడి పలకలకు పత్రాలు కావాల్సిందే. లిగ్నమ్ వైటీ కూడా జాబితాలోదే. డెక్కింగ్‌కు వాడే బ్రెజిల్ ఇపే 2024 నవంబరు 25 నుంచి చేరింది. బహ్రెయిన్ 2012లో ఈ ఒప్పందంలో చేరింది కాబట్టి ఇక్కడి కస్టమ్స్ కూడా అడగవచ్చు. ఇదంతా పెద్ద కంపెనీల గొడవ అనుకోకండి. అమెరికాలో గిబ్సన్ అనే గిటార్ల కంపెనీలో 2009లో, మళ్ళీ 2011లో సోదాలు జరిగాయి, రెండోసారి వివాదం భారతదేశం నుంచి వచ్చిన కలప మీద. చివరికి 2012లో ఆ కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుని రాజీ పడింది. అంతటి న్యాయవాదులు ఉన్నవాళ్ళకే తప్పలేదు.

కొనేటప్పుడు శాస్త్రీయ నామం, పత్రం నంబరు బిల్లు మీద రాయించుకోండి. ఇక్కడి వడ్రంగి షాపుల్లో డెక్కింగ్ పనుల్లో మిగిలిన ఇపే తునకలు కనిపిస్తే అడగండి. లీటరుకు కిలో దాటే ఆ కలప ఫింగర్‌బోర్డుకు చక్కగా సరిపోతుంది, మీరు నేర్చుకునే దశలో ముక్క పాడైనా గుండె కోసుకుపోదు. పాత కలప మరీ మంచిది. తమిళనాట నరసింగంపేట నాగస్వరాలను పాత ఇళ్ళ దూలాలుగా దశాబ్దాల పాటు ఎండిన ఆచా కర్రతో చేస్తారు. మనం నారేపి అనే చెట్టే అది, మన దేశపు అతి బరువైన కలపల్లో ఒకటి. బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు ముదిరితే లోపల నల్లని చేవ పడుతుంది, అదీ ఎబొనీ కుటుంబమే. బయటి దేశాల పేర్ల మోజులో మన చెట్లను మరచిపోవడం నాకు బాధగా ఉంటుంది.

5. ఫ్రెట్లు కొట్టే ముందు తునక మీద కొట్టి చూడండి

ఉలి గానీ రంపం గానీ పదును తగ్గితే గట్టి కలప వెంటనే చెబుతుంది: నార చిట్లుతుంది, రంపం కాలిన వాసన వస్తుంది. పదును పెట్టడానికి బద్ధకించకండి. రంధ్రాలు వేసేటప్పుడు డ్రిల్ బిట్‌ను మాటిమాటికీ పైకి తీసి పొట్టు దులపండి. మర దించే ముందు సరైన కొలతలో రంధ్రం వేయండి, లేకపోతే మర తల తెగి లోపలే ఉండిపోతుంది.

అసలు చిక్కు ఫ్రెట్ల గాడిలో ఉంది. మామూలుగా గాడి వెడల్పు 0.58 మిల్లీమీటర్లు. రోజ్‌వుడ్ కాస్త నొక్కుకుని ఫ్రెట్ కాలిని పట్టుకుంటుంది. బ్లాక్‌వుడ్, స్నేక్‌వుడ్ నొక్కుకోవు. ప్రతి ఫ్రెట్ ఒక చీలలా పని చేస్తుంది. ఒక్కొక్కటి వెంట్రుక వాసి నెట్టినా 20 ఫ్రెట్లు కలిసి మెడను వెనక్కి వంచేస్తాయి. ఆ తర్వాత ట్రస్ రాడ్ ఎంత తిప్పినా ఏం లాభం? అదే కలప తునక మీద రెండు మూడు వెడల్పుల్లో గాళ్ళు కోసి ఫ్రెట్ దించి చూడండి. 0.6 మిల్లీమీటర్ల దగ్గర సాధారణంగా సరిపోతుంది. గాడి పై అంచులను మూడు మూలల ఆకురాయితో సన్నగా వాల్చండి, రేపు ఫ్రెట్ పీకాల్సివస్తే పెచ్చులు లేవవు.

6. జిగురుకు తాజా ముఖం చూపించండి

ఈ కలపల్లో చాలావాటిలో నూనె ఉంటుంది. చిత్రిక పట్టి రెండు రోజులు వదిలేస్తే ఆ నూనె పైకి తేలి జిగురును దగ్గరికి రానివ్వదు. చిత్రిక పట్టిన వెంటనే అతికించండి. ఆలస్యమైతే అసిటోన్‌లో ముంచిన తెల్ల గుడ్డతో రంగు దిగడం తగ్గేదాకా తుడిచి, ఆరిన మరుక్షణం జిగురు రాయండి. కిటికీ తెరిచి ఉంచండి, దగ్గర్లో పొయ్యి వెలిగించకండి. కోకోబోలో, లిగ్నమ్ వైటీలకు ఎపాక్సీ నమ్మకమైనది.

మీ పద్ధతి పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం తేలిక. ఆ గట్టి తునకను ఒక మహాగనీ తునకకు అతికించి మర్నాడు ఉలితో విడగొట్టండి. నల్లని ముఖం మీద మహాగనీ నార అంటుకుని వచ్చిందా? సరే, అసలు పనికి దిగండి. శుభ్రంగా ఊడిందా? మళ్ళీ ప్రయత్నించండి, గిటార్ మీద కాదు.

7. పక్కలు వంచడం

మొదటి గిటార్‌కు వద్దు. వంచే తీరాలంటే నార తిన్నగా ఉన్న పట్టీలు ఎంచుకుని, రెండు మిల్లీమీటర్లకు దించి, మూడో పట్టీ అదనంగా పెట్టుకోండి. స్నేక్‌వుడ్ జోలికి మాత్రం పోకండి.

8. పొడిని తక్కువ అంచనా వేయకండి

ఇంట్లో పిల్లలున్నారా? అయితే ఈ అంశాన్ని రెండుసార్లు చదవండి. రోజ్‌వుడ్ జాతుల్లో, ముఖ్యంగా కోకోబోలోలో, చర్మానికీ ఊపిరికీ పడని రసాయనాలు ఉంటాయి. మొదట్లో ఏమీ అనిపించదు. తాకేకొద్దీ శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది, ఒక రోజు మణికట్టు ఎర్రబడుతుంది, కనురెప్పలు వాస్తాయి. ఆ తర్వాత చిటికెడు పొడి చాలు. అలా పడకపోతే ఆ కలపను శాశ్వతంగా వదిలేయాల్సిందే.

ఫ్లాట్‌లో పని అంటే ఇంకో ఇబ్బంది: ఏసీ ఆ పొడిని అన్ని గదులకూ పంచుతుంది. కాబట్టి లోపల ఉప్పు కాగితం వాడకండి. చిత్రిక, స్క్రేపర్ రేకు వాడితే పొడికి బదులు పొరలు లేస్తాయి, ఊడ్చేయడం సులువు. తప్పనిసరిగా రుద్దాల్సిన పనిని నవంబరు నుంచి మార్చి మధ్య, శుక్రవారం ఉదయం, జుమ్మా నమాజుకు ముందు బాల్కనీలో పెట్టుకోండి. కింది అంతస్తు వాళ్ళకు ముందే ఒక మాట చెప్పండి. ఎండాకాలం మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బయటి కార్మికులకే పని ఆపే నియమం ఉన్న దేశం ఇది, మీరు ఆ వేళ బాల్కనీలో నిలబడకండి. గుడ్డ మాస్కు చాలదు, ఎఫ్‌ఎఫ్‌పీ3 లేదా పీ100 రకం కావాలి. పని బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.

చివరి మెరుగు విషయానికొస్తే, ఫింగర్‌బోర్డుకు వార్నిష్ అవసరం లేదు. మెత్తని గుడ్డతో బాగా తోమితే చాలు, తనంతట తానే మెరుస్తుంది. తల మీది పొరకు వార్నిష్ వేస్తుంటే నూనె ఉన్న కలప మీద అది రోజుల తరబడి జిగటగానే ఉండిపోవచ్చు. అందుకని ముందు మైనం తీసిన షెల్లాక్, అంటే మన లక్కే, స్పిరిట్‌లో పల్చగా కలిపి రెండు పూతలు వేయండి. ఆ పూత గట్టిపడ్డాక దాని మీద వార్నిష్ వేస్తే మామూలుగానే ఆరుతుంది. ఆరబెట్టేటప్పుడు కూడా హైగ్రోమీటర్ చూసుకోండి, 60 దాటితే ఆ రోజు డబ్బా మూత తీయకండి.